సమస్యాపూరణం: పాతిపెట్టినవాఁడిటు వచ్చి నవ్వె

నిర్వాహకుడు:
మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య తేటగీతి పాదం.

పాతిపెట్టినవాఁడిటు వచ్చి నవ్వె

కరోల్ రీడ్ 1949లో తీసిన 'ది థర్డ్ మ్యాన్' చిత్రాన్ని మొన్న రాత్రి మొదటిసారి చూసి, నిద్ర పట్టక ఈ పాదం కట్టాను. యుద్ధం ముగిశాక అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, సోవియట్ సేనలు నాలుగు ముక్కలుగా పంచుకొని ఏలుతున్న వియన్నాకు, హ్యారీ లైమ్ అనే చిన్ననాటి స్నేహితుడు రమ్మంటే వచ్చిన హోలీ మార్టిన్స్‌కు, దిగీ దిగగానే ఆ స్నేహితుడి అంత్యక్రియలు ఎదురవుతాయి. గంట దాటాక గాని హ్యారీ మనకు కనిపించడు. తడిసిన రాళ్ల వీధిలో ఒక వాకిలి చీకటి, ఆ చీకటిలో రెండు బూట్లు, వాటి దగ్గర ఆడుకుంటున్న పిల్లి. ఆ పిల్లికి హ్యారీ అంటేనే ఇష్టమని అతడి ప్రియురాలు అన్నా అంతకుముందే చెప్పి ఉంటుంది కనుక, ముఖం కనిపించకముందే గుండె ఝల్లుమంటుంది. ఈ చిత్రపు సందర్భంతోనే పూరించమని మనవి. కథ తెలియనివారు ముందు చిత్రం చూసి, ఆ తర్వాత పూరణలు చదవండి.

పూరణ 1:
మీఁది కిటికిలో దీపము కాంతి నింప
పిల్లి చేరిన గడపపై వెలుఁగు పడఁగ
నేస్తుఁడచ్చెరువడి చూచి నిలిచిపోవ
పాతిపెట్టినవాఁడిటు వచ్చి నవ్వె

నిర్వాహకుడు:
మిత్రమా, దృశ్యం కళ్లకు కట్టింది. మార్టిన్స్ కేకలకు విసిగిన పొరుగింటివారు పై కిటికీలో దీపం వేయడం, ఆ వెలుగు నేరుగా హ్యారీ పాత్రధారి ఆర్సన్ వెల్స్ ముఖం మీద పడడం, దొరికిపోయిన పిల్లవాడిలా అతడు చిన్నగా నవ్వడం, ఇంతే ఆ ఘట్టం. మీరు పిల్లినీ గడపనీ వదలకపోవడం బాగుంది. అయితే మొదటి పాదంలో 'మీ'కి నాలుగో గణం మొదటి అక్షరమైన 'కా'తో యతి కుదరలేదు. 'మీఁది కిటికిలో దీపము మెఱిసినంత' అంటే యతి కుదురుతుంది. పైగా రెండో పాదంలో వెలుగు ఎలాగూ ఉంది కాబట్టి కాంతి అనే పునరుక్తి కూడా తొలగుతుంది.

పూరణ 1 కవి:
సవరణకు కృతజ్ఞతలు, గురువుగారూ. 'మెఱిసినంత' అన్నాకనే ఆ దీపం ఉన్నట్టుండి వెలిగినట్టు అనిపిస్తున్నది.

పూరణ 2:
మందులోపల నీళ్ళను మాయఁ గలిపి
పిల్లల యుసురు దీసిన బేరగాఁడు
తనకు మరణము గల్పించి తప్పుకొనియు
పాతిపెట్టినవాఁడిటు వచ్చి నవ్వె

ఒక సభ్యుడు:
అమ్మా, అందరూ ఆ నవ్వు అందాన్నే చూస్తున్నప్పుడు దాని వెనుకనున్న పాపాన్ని మీరు చూపించారు. సైనిక ఆసుపత్రుల నుండి దొంగిలించిన పెనిసిలిన్‌ను పలుచన చేసి అమ్మడమే హ్యారీ వ్యాపారం. బ్రిటిష్ సైనికాధికారి మేజర్ కాలోవే మార్టిన్స్‌ను పిల్లల వార్డుకు తీసుకువెళ్లినప్పుడు కెమెరా ఆ పిల్లలను చూపదు, చూస్తున్న మార్టిన్స్ ముఖాన్నే చూపుతుంది; నేను ఆ చోట చిత్రాన్ని ఆపి కాసేపు బయటికి వెళ్లి వచ్చాను. ఒక్క సూచన. 'మందు' అన్నంతమాత్రాన అసలు విషయం తెలియదు. పెనిసిలిన్ అనే మాట మూడు లఘువులు, ఒక గురువుతో నగమై ఇంద్రగణంగా చక్కగా ఒదుగుతుంది కదా, 'మందు పెనిసిలిన్‌లో నీరు మాయఁ గలిపి' అనవచ్చు.

పూరణ 2 కవయిత్రి:
అన్నగారూ, ఆ మాట ఛందస్సులో ఇమడదని భయపడి వదిలేశాను. సంతోషంగా స్వీకరిస్తున్నాను.

పూరణ 3:
తన సమాధిలో వేరొక్క తనువు నుంచి
మిత్రుఁడరుదెంచునప్పుడే మీఁద మట్టి
కప్పి, లోకాన మృతుఁడుగా గణనకెక్కి
పాతిపెట్టినవాఁడిటు వచ్చి నవ్వె

నిర్వాహకుడు:
ఈ పూరణ చదివి నా సమస్య నాకే కొత్తగా కనిపించింది. 'పాతిపెట్టినవాఁడు' అంటే పూడ్చబడినవాడని మాత్రమే అనుకొని నేను పాదం కట్టాను. పూడ్చినవాడు అనే అర్థం కూడా ఆ మాటలో ఉన్నదని గ్రహించి ఈ కవి దాన్నే పట్టుకున్నారు. చిత్రంలో జరిగిందీ అదే. సమాధి తవ్వించినప్పుడు బయటపడేది హ్యారీ శవం కాదు, అతడి గుట్టు తెలిసిన ఆసుపత్రి ఉద్యోగి హార్బిన్ శవం. మనం చనిపోయాడని జాలిపడిన మనిషే మరొకరిని మట్టిలో పెట్టించినవాడు. తెలుగులో ఒకే మాటకు ఉన్న ఈ రెండర్థాలూ కథ మలుపుతో ఇలా సరిపోతాయని నాకు తోచనే లేదు. ఈ వారం ఉత్తమ పూరణ ఇదే.

పూరణ 1 కవి:
నాదొక విన్నపం. హ్యారీని నిజంగా పూడ్చిన తర్వాత, ఆకులు రాలుతున్న శ్మశానపు బాటలో మార్టిన్స్ నిలబడి ఉండగా, అన్నా దూరం నుండి నడిచి వచ్చి, తల తిప్పకుండా అతణ్ణి దాటి వెళ్లిపోతుంది. అంతసేపూ ఆంటన్ కరాస్ వాయించిన జితార్ అనే తీగవాద్యం తప్ప ఒక్క మాట కూడా వినిపించదు. ఆ చివరి దృశ్యం మీద కూడా ఒక పాదం ఇవ్వండి.

నిర్వాహకుడు:
తప్పకుండా. వచ్చే వారానికి, తేటగీతిలోనే:

నిలిచియున్నట్టివాఁడట్లె నిలిచిపోయె