విదేశీ సాయం పెరిగితే మన దగ్గర గల్ఫ్ వలసలు ఆగుతయా?

హన్మకొండ చౌరస్తా:
జగిత్యాల, సిరిసిల్ల దిక్కు గల్ఫ్ కుటుంబాల్లో పని చేద్దామని మా సొసైటీ ఆలోచన. సొసైటీ రిజిస్టరై రెండేళ్లే అయింది. బయటి దేశాల సాయం తెచ్చి ఊళ్లనే కుట్టుమిషన్లు, బర్లు ఇప్పిస్తే ఎవ్వరూ దుబాయ్ పోరని సభ్యుల్లో సగంమంది వాదన. మిగతా సగం ఒప్పుకుంటలేరు. ఇది నిజమేనా? చేతిల మూడు లక్షలుంటే ఎక్కడ పెట్టాలె? అమెరికాలో, దుబాయ్‌లో ఉన్నోళ్లు చందాలిస్తమంటున్నరు, తీసుకోవచ్చునా?

గోదారి ఒడ్డు:
ఆగవు. కొన్నాళ్లు పెరుగుతయి కూడా.

కటిక పేదోడు దేశం దాటలేడు. పాస్‌పోర్టు, మెడికల్, ఏజెంటు పైసలు, టికెట్ అన్నిటికీ అప్పు పుట్టాలె. అప్పు పుట్టాలంటే రెండెకరాల పాసుబుక్కో, పెండ్లాం మెడల బంగారమో ఉండాలె. అందుకే ఆదాయం కొంచెం పెరిగినంక వలస ఎక్కువైతది, మస్తు పెరిగినంకనే తగ్గుతది. మైకేల్ క్లెమెన్స్ అనే ఆర్థికవేత్త 2014లో దేశాల లెక్కలన్నీ పేర్చి చూస్తే, తలసరి ఆదాయం (ధరల తేడా సవరించినంక) ఏడెనిమిది వేల డాలర్లకు చేరేదాకా వలస పెరుగుతనే ఉంది.

ఇది అర్థం కావడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. పాలమూరు లేబర్ మేస్త్రీ అడ్వాన్సు పట్టుకొని దేశంలోపలే కాలువలు, డ్యాములు తవ్వడానికి పోయేటోళ్లు. గల్ఫ్ దారి పట్టింది ఎక్కువగా కరీంనగర్, నిజామాబాద్ జిల్లాలు. పాలమూరులో కష్టం తక్కువుండి కాదు, అక్కడ తాకట్టుకు ఏమీ లేక. ఇంకో దిక్కు చూడున్రి: మనోళ్లు దుబాయ్ పోతుంటే పెద్దపల్లి ఇటుక బట్టీలకు ఒడిశా కుటుంబాలు, కరీంనగర్ రైస్ మిల్లులకు బీహార్ హమాలీలు వస్తున్నరు. వాళ్లకు మన ఊరే దుబాయ్.

సాయం సైజు కూడా చూడాలె. 2023లో ప్రపంచంలోని పేద, మధ్య ఆదాయ దేశాలకు వలసపోయినోళ్లు పంపిన డబ్బు దాదాపు 65,600 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకు అంచనా. అదే ఏడు ధనిక దేశాల అధికారిక సాయం సుమారు 22,300 కోట్ల డాలర్లు. అందులో కూడా ఏడో వంతు దాకా వాళ్ల దేశంలకు వచ్చిన శరణార్థుల మీద అక్కడే ఖర్చు పెట్టి సాయం ఖాతాల రాసుకున్నదే. జాతీయాదాయంలో 0.7 శాతం ఇస్తమని 1970లో ఐక్యరాజ్యసమితిలో అనుకున్నరు. 2023 సగటు 0.37. ఇగ అమెరికా 2025 జులై నుంచి, బయటి దేశాలకు సాయం పంచే తన సంస్థ యూఎస్‌ఎయిడ్ దుకాణమే కట్టేసింది.

మనకు వచ్చేది అసలే తక్కువ. 2003లోనే భారత్, కొద్దిగ ఇచ్చే దేశాలు నేరుగ పంపే (ద్వైపాక్షిక) సాయం వద్దన్నది. ఆదిలాబాద్‌లో 2000 నుంచి ఊళ్ల పేదల కోసం నడిచిన వెలుగు పథకం వెనుక ఉన్నది ప్రపంచ బ్యాంకు అప్పు, దానం కాదు.

మిత్తి లెక్క:
పై మాటకు ఒక లెక్క జోడిస్త. అసలు రోగం పోవుడు కాదు, పోవడానికి చేసిన అప్పు.

జీతం 1,000 దిర్హంలు అనుకుందాం. తిండికి 300, ఫోనుకూ పై ఖర్చుకూ 100 పోతే మిగిలేది 600. దిర్హం 23 రూపాయల లెక్కన 13,800. ఇంట్ల ఖర్చుకు ఆరు వేలు తీస్తే అప్పుకు పోయేది 7,800.

ఏజెంటుకు లక్షా 20 వేలు, రెండు రూపాయల మిత్తికి తెచ్చిండనుకోన్రి. మొదటి నెల మిత్తే 2,400. తీరడానికి 19 నెలలు. కాంట్రాక్టు రెండేండ్లు, అంటే తనకోసం సంపాదించేది ఐదు నెలలు. అదే మొత్తం ఖర్చు 50 వేలల్ల తేలితే ఏడు నెలలకే అప్పు తీరుతది. జీతం పెరగలే, మారింది పోయే ఖర్చొక్కటే. మొదటి జీతం చేతికి రావడానికి రెండు నెలలు పట్టిందంటే అప్పు తీరే గడువు ఇంకా పొడుగైతది.

చట్టప్రకారం రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోవాల్సిన సర్వీసు చార్జీ 30 వేలకు మించొద్దు, 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. రసీదు ఇయ్యాలె. లక్ష దాటేది ఎక్కడంటే ఊరి సబ్ ఏజెంటు, పట్నం ఏజెంటు, ముంబై ఏజెంటు చేతులు మారంగ. సబ్ ఏజెంట్‌కు చట్టంల చోటే లేదు.

మీ మూడు లక్షలతోని ఎవ్వరికీ వీసా అప్పులు ఇయ్యకున్రి, మీరే ఇంకో ఫైనాన్సు అయితరు. నెలకు 15 వేల మీద ఒక మనిషిని పెట్టుకుంటే ఏడాదికి లక్షా 80 వేలు. ఆ మనిషి పని మూడే ముక్కలు: ఏజెంటు లైసెన్సు నంబరు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌ల ఉన్నదా లేదా చూసుడు, కాంట్రాక్టు తెలుగుల చదివి చెప్పుడు, అది ఫోటో తీసి ఇంటోళ్ల ఫోన్‌ల పెట్టుడు. అక్కడ దిగినంక తక్కువ జీతానికి వేరే కాగితం మీద సంతకం పెట్టిస్తరు. మొదటి కాగితం ఇంట్ల లేకపోతే ఎంబసీకి గానీ, విదేశాంగ శాఖ ఫిర్యాదుల మదద్ పోర్టల్‌కు గానీ చూపించడానికి ఏమీ ఉండదు.

పసుపు యార్డు:
బర్లూ మిషన్లూ పూర్తిగా దండుగ అని తీసెయ్యకున్రి. తిరిగొచ్చినోనికి, ఇంటి దగ్గరున్న ఆడోళ్లకు అవి అక్కరకొస్తయి. కాకపోతే వలస ఆపుతయని చెప్పి చందా అడుగుడే తప్పు.

ఇంకోటి. మహిళా సంఘంల 7 శాతం లోను దొరుకుతది కాబట్టి భార్య పేరు మీద తీసి వీసాకు కడుతున్నరు. రెండు రూపాయల మిత్తి, అంటే ఏడాదికి 24 శాతం కన్నా అది నయమే. కానీ మనిషి మూడో నెలల వాపస్ వస్తే కిస్తీ ఆగేది ఒక్క ఇంటిది కాదు, సంఘం మొత్తానికి తర్వాతి లోను ఆగుతది. సంఘంల ముందే చెప్పి తీసుకుంటే ఒక తీరు, గొర్లకని చెప్పి తీసుకుంటే ఇంకో తీరు.

ఫైలు మనిషి:
చందాల సంగతి. దుబాయ్‌లో ఉన్నా భారత పౌరుడే అయితే, తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు కాపీ తీసి ఫైల్ల పెట్టుకోన్రి. అమెరికా పౌరసత్వం తీసుకున్నోడు మన ఊరోడే అయినా, ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చేది) ఉన్నా, అతని పైసలు విదేశీ విరాళమే. ఎక్కువమంది పడే గుంత ఇంకోటుంది: దుబాయ్‌లోని మనోళ్లంతా అక్కడ రిజిస్టరైన సంఘం ఖాతా నుంచి ఒక్కసారే పంపుతరు. ఆ సంఘం విదేశీ సంస్థ. ఎవరి ఖాతా నుంచి వాళ్లు విడివిడిగా పంపాలె.

విదేశీ విరాళం తీసుకోవాలంటే కావాల్సిన ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ మీకు ఇప్పుడు రాదు. సంస్థకు మూడేండ్లు నిండాలె, ఆ మూడేండ్లల్ల అసలు పని మీద 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలె. అప్పటిదాకా ఉన్న దారి ముందస్తు అనుమతి: ఫారం ఎఫ్‌సీ-3బీ, దాత రాసిచ్చిన హామీ లేఖ, ఆ ఒక్క పనికి ఆ ఒక్క మొత్తమే. డబ్బు మొదట ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలనే పడాలె. 2020 సవరణ తర్వాత ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటొద్దు, వేరే సంస్థకు మళ్లించొద్దు. వడ్లూ తౌడూ కలిపినట్టు లోకల్ చందాలు ఈ ఖాతాల వేసిన్రంటే అనుమతికే ముప్పు.

హన్మకొండ చౌరస్తా:
మంచిగ అర్థమైంది. విజిట్ వీసా మీద పోయి అక్కడ మార్చుకుంటే ఖర్చు తక్కువని కొందరు అంటున్నరు, అది?

మిత్తి లెక్క:
తక్కువే, కానీ ఆ తగ్గిన ఖర్చుల పోయేది బీమా. పదో తరగతి పాస్ కానోని పాస్‌పోర్టు ఈసీఆర్, అంటే పనికి పోయే ముందు ప్రభుత్వ అనుమతి కావాల్సినది. పని వీసా మీద గల్ఫ్ పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు కావాలె, దాంతోపాటే ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేండ్లకు ప్రీమియం 275 రూపాయలు. ప్రమాదంల చనిపోయినా, శాశ్వతంగ పనికిరాకుండ అయినా 10 లక్షలు. విజిట్ వీసాల క్లియరెన్సూ లేదు, కాంట్రాక్టూ లేదు, పాలసీ కాగితమూ లేదు.

గల్ఫ్ మృతుల కుటుంబాలకు రాష్ట్రం 2024 నుంచి ఇస్తున్న 5 లక్షలు దీనికి వేరు, కలెక్టరేట్‌ల దరఖాస్తు పెట్టుకోవాలె. శవపేటిక ఎయిర్‌పోర్టుకు వచ్చిన రోజు కాగితాలు ఎవ్వరూ చూడరు. డెత్ సర్టిఫికెట్, రద్దయిన పాస్‌పోర్టు, పాలసీ నంబరు జిరాక్సులు తీసి పెట్టే పని మీ మనిషికి అప్పజెప్పున్రి.