‘మ్యుటేషన్’ను రోగికి తెలుగులో ఎలా చెప్పాలి?

సభ్యులకు నమస్కారం. కణంలోని జన్యువుల్లో జరిగే మార్పునే వైద్యులు మ్యుటేషన్ అంటారు. నిన్న ఇక్కడ ఒకరు అడిగిన ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా వెంటాడుతున్నదే. పాఠ్యపుస్తకాల్లోని ‘ఉత్పరివర్తనం’ శాస్త్ర రచనకు తగిన మాటే కాని, రోగి ఎదుట దాన్ని పలకడానికి నాకు నోరు రాదు.

బెంగళూరుకు చికిత్స కోసం వచ్చే రాయలసీమ వారికి తోడుగా నేను అప్పుడప్పుడు ఆసుపత్రికి వెళ్లి డాక్టర్ల మాటలు తెలుగులో చెబుతుంటాను. గర్భాశయ ముఖద్వార కేన్సర్‌తో వచ్చిన ఒక అక్క ‘మ్యుటేషన్’ అన్న మాట వినగానే, “మా నాయన భూమి నా పేరు మీదికి ఎక్కినట్టు ఇది నా బిడ్డకు ఎక్కుతాదా?” అని అడిగారు. భూమి రికార్డుల్లో పేరు మార్పిడిని కూడా మ్యుటేషన్ అంటారు; పట్టాదారు పాసుపుస్తకం ద్వారా ఆ మాట ఆమెకు బాగా తెలుసు కనుకనే భయపడ్డారు. ‘జన్యు మార్పు’ అని నేను మార్చి చెబితే ఆ భయం ఇంకా పెరిగింది, ఎందుకంటే ‘జన్యు’ అనగానే మనకు వంశమే స్ఫురిస్తుంది.

నిజానికి ఈ వ్యాధిని నడిపే మార్పులు దాదాపు అన్నీ పుట్టిన తరువాత ఏర్పడినవే. హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా) వైరస్, ముఖ్యంగా 16, 18 రకాలు, ముఖద్వార కణాల్లో ఏళ్ల తరబడి నిలిచిపోతే, దాని ఈ6 ప్రోటీన్ కణాన్ని కాపలా కాసే ప్రోటీన్ పీ53ను నాశనం చేయిస్తుంది, ఈ7 ప్రోటీన్ కణ విభజనకు కళ్లెం వేసే ఆర్‌బీని పనిచేయనివ్వదు. పీ53ను తయారుచేసే జన్యువు మాత్రం చాలామందిలో చెక్కుచెదరదు కాబట్టి, ఈ తొలి మెట్టును మ్యుటేషన్ అనడమే సరికాదు. కాపలా పోయాక డీఎన్‌ఏలో దొర్లిన తప్పులు దిద్దుబాటు లేకుండా పోగుపడతాయి. పీఐకే3సీఏ వంటి, కణం పెరుగుదలను నడిపే జన్యువులో మార్పు పడిన కణం మితిమీరి పెరుగుతుంది, మరికొన్ని మార్పులు తోడైతే పక్క కణాల పట్టు విడిచి లింఫు గ్రంథులకు చేరుతుంది. ఇదంతా జరగడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది.

అందుచేత నేను ‘కణంలో పడ్డ మార్పు’ అంటున్నాను. ‘వచ్చిన మార్పు’ అంటే ఎవరి నుంచి అన్న ప్రశ్న పుడుతుంది. బట్టకు చిల్లు పడినట్టు ‘పడ్డ’ మార్పు అంటే ఆ ప్రశ్న పుట్టదు. రొమ్ము కేన్సర్‌లో కొందరికి ఉండే బీఆర్‌సీఏ జన్యువులోని మార్పు వంటి వాటికి ‘పుట్టుకతో వచ్చిన మార్పు’ అనడం న్యాయం.

ఆ అక్కకు మళ్లీ ఇలాగే చెప్పినప్పుడు, “మరి నా బిడ్డకు టీకా ఎందుకు వేయించమన్నారు?” అని అడిగారు. సోకేది వైరస్ అని, టీకా అడ్డుకునేది దాన్నేనని, పడేది మార్పు అని, పాకేది కేన్సర్ అని మూడు క్రియలను విడదీసి చెప్పాను.