రాళ్లకట్టకి కొట్టుకుని ఫైబర్ బోటు పగిలింది, అతుకు మనమే వేసుకోవచ్చా?

ఉప్పాడ కుర్రోడు:
2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను తీరం దాటినప్పుడు బోటు ఒడ్డు మీదే ఉందండి. రెండు చోట్ల మోకు కట్టాం. అయినా కెరటం ఎత్తుకెళ్లి రాళ్లకట్టకేసి బాదింది. కుడి పక్కన, ముక్కుకి రెండు మూరలు వెనగ్గా జానెడు చిల్లు పడింది. అక్కణ్ణుంచి కిందికి మూరెడు చీలిక. ఫైబర్ మందం 6 మిల్లీమీటర్లు. బాగుచేసేవాళ్లు చెప్పిన రేటు వింటే గుండెకి పడ్డ చిల్లు బోటుకి పడ్డదానికన్నా పెద్దది. నీళ్ల ట్యాంకుకి మ్యాట్ (గాజుపీచు పరుపు) వేసిన అనుభవం తప్ప నాకేమీ తెలీదు. చేసినవాళ్లు చెప్పండి. ఎంసీల్ ముద్ద పెట్టమని మాత్రం అనకండి, మా బావ ఇప్పటికే అన్నాడు.

భీమిలి బాబాయ్:
తమ్ముడూ, 2014 హుద్‌హుద్ తుఫానుకి నా బోటుకీ ఇదే గతి. వేటకెళ్లాలన్న ఆత్రంలో నాలుగు రోజుల్లో అతుకేసేశాను. మూడో వేటకే అట్టు పెనం మీంచి లేచినట్టు మొత్తం ఊడొచ్చింది. వెనక చూస్తే తడి, తెల్లగా ఉప్పు. రెసిన్ (పీచు పొరల్ని అంటించి గట్టిపడే ద్రవం) మంచిదే, తప్పు నాది.

ముందు మంచినీళ్లతో నాలుగైదు సార్లు కడుగు. నీడపట్టున, గాలి ఆడేలా బోర్లించు. ఆరిందా లేదా అని చెయ్యి పెట్టి చూస్తే తెలీదు. చిల్లు పక్కన పల్చటి పాలిథిన్ ముక్క నాలుగు వైపులా టేపేసి అంటించి, ఒక రోజు ఎండ తగలనీ. లోపల చెమ్మ పడితే ఇంకా ఆరనట్టే. నాకు రెండోసారి మూడు వారాలు పట్టింది.

ఇంకోటి, రూపాయి బిళ్లతో చుట్టూ కొట్టి చూడు. గట్టిగా 'టక్' మంటే బాగున్నట్టు, 'డబ్' మని మొద్దుగా వినిపిస్తే లోపల పొరలు విడిపోయినట్టు. సుద్దముక్కతో గీసుకో. నాది జానెడనుకున్నాను, గీసేసరికి మూడు జానలైంది.

రెసిన్ రాజు:
బాబాయ్ చెప్పిందే అసలు పని. నేను పదేళ్లుగా మోల్డింగ్ పనిలో ఉన్నాను, అతుకు ఊడిందంటే వందకి తొంభై సార్లు తడో, గ్రైండింగ్ చాలకపోవడమో.

చిల్లు అంచులు మొండిగా వదలకూడదు. మందానికి 12 రెట్లు వాలు రావాలి. 6 మిల్లీమీటర్లకి చుట్టూ 72, అంటే దాదాపు మూడంగుళాలు. పళ్లెం అంచులా పలచబడుతూ రావాలి. చీలికని కూడా పైపైన పూయకుండా దాని చివర దాకా తవ్వాలి. తర్వాత దుమ్ము దులిపి, ఎసిటోన్ గుడ్డతో తుడవాలి.

450 మ్యాట్ (చదరపు మీటరు 450 గ్రాములు తూగేది) ఒక పొర సుమారు ఒక మిల్లీమీటరు వస్తుంది, 600 రోవింగ్ (గాజుపీచు నేత గుడ్డ) కొంచెం తక్కువ. నాలుగు మ్యాట్లు, మధ్యమధ్యలో మూడు రోవింగులు వేస్తే నీ మందం వచ్చేస్తుంది. ఒక్క బిగిన వెయ్యకు, వేడెక్కి పొగలొస్తాయి. మూడు పొరలు, ఆగు, మళ్లీ మిగతావి. రెసిన్ గట్టిపడ్డానికి కలిపే హార్డనర్ కిలోకి 10 నుంచి 20 మిల్లీలీటర్లు, ఎండ ఉంటే తక్కువవైపే. కోబాల్ట్ (గట్టిపడే వేగం పెంచేది) విడిగా కొంటే ముందు రెసిన్‌లో కలిపి, తర్వాతే హార్డనర్. ఆ రెండూ నేరుగా కలిపితే పేలుతుంది. ఇది మాత్రం సరదా కాదు.

చిల్లు వెనక ఏముంది? ఖాళీయా, తెర్మకోలా?

ఉప్పాడ కుర్రోడు:
తెర్మకోలేనండి. నిన్న ఊరికే చూద్దామని దాని మీద రెసిన్ చుక్క వేశాను. పంచదార మీద నీళ్లు పోసినట్టు కుంగిపోయింది!

రెసిన్ రాజు:
మంచిపని చేశావు, లేకపోతే మొత్తం పోసేవాడివి. పాలిస్టర్ రెసిన్‌లో ఉండే స్టైరీన్ తెర్మకోలుని కరిగించేస్తుంది. నీళ్లు పీల్చిన ముక్కలు ఎలాగూ తీసెయ్యాలి. లోపల్నించి రేకు ముక్కకి మైనం పాలిష్ రాసి ఆనించు, బయట్నుంచి పొరలు వెయ్యి. గట్టిపడ్డాక రేకు లాగేసి కొత్త తెర్మకోలు పెట్టుకో.

టాంపా తెలుగు:
2022లో ఇయాన్ హరికేన్‌కి నా చిన్న బోటు డాక్‌కి కొట్టుకుంటే నేను ఎపాక్సీతో (ఇంకో రకం రెసిన్, స్టైరీన్ ఉండదు) వేశాను. పాత పాలిస్టర్ మీద ఎపాక్సీ పట్టు చాలా ఎక్కువ, పైగా తెర్మకోలుని తినదు. నీటిలో ఉండే భాగానికి నేనైతే అదే అంటాను. మామూలు మ్యాట్ మాత్రం వాడకండి, దాని పీచుల్ని పట్టి ఉంచే బైండర్ స్టైరీన్‌లో కరిగే రకం. నేత గుడ్డ తీసుకోండి.

రెసిన్ రాజు:
పట్టు సంగతి ఒప్పుకుంటాను సార్. కానీ గట్టిపడిన ఎపాక్సీ మీద మళ్లీ పాలిస్టర్ సరిగ్గా పట్టదు. ఏటా రాళ్లకి, ఇసుకకి గీసుకునే వేట బోటుకి రేపు ఒడ్డున దొరికే రెసిన్‌తోనే కదా అతుకెయ్యాలి. ధర కూడా చూడాలి.

మచిలీపట్నం మరదలు:
ఎవరూ దుమ్ము గురించి మాట్లాడట్లేదేం? మా ఆయన గ్రైండింగ్ చేసిన చొక్కా తెలీక చంటాడి గుడ్డలతో కలిపి ఉతికాను. రెండు రోజులు వాడు ఒకటే ఏడుపు, ఒళ్లంతా ఎర్రగా. ఆ బట్టలు విడిగా ఉతకండి. మూతికి కండువా చాలదు, సరైన మాస్కే పెట్టుకోవాలి, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా. ఒళ్లు దురదపెడితే రుద్దకుండా ముందు చన్నీళ్లు పోసుకోవాలి.

ఉప్పాడ కుర్రోడు:
అప్‌డేట్ అండి. ఇరవై రెండు రోజులు ఆరబెట్టి, ఏడు పొరలూ పాలిస్టర్‌తోనే వేశాను. రోలర్‌తో గాలి బుడగలు తీయడానికే పొద్దు గడిచిపోయింది. కొడితే 'టక్' మంటోంది. కానీ రెండో రోజుకి కూడా పైన చేతికి జిగురు తగుల్తోంది. చెడిందా?

రెసిన్ రాజు:
చెడలేదు. గాలి తగిలే పొర అలాగే ఉంటుంది. ఎసిటోన్‌తో తుడిచి, ఎమరీ పట్టి, మైనం కలిపిన టాప్ కోట్ (పై పూత) వెయ్యి. మైనం పైకి తేలి గాలిని ఆపుతుంది.

ఉప్పాడ కుర్రోడు:
వేశానండి, గోరు గుచ్చినా దిగట్లేదు. నిన్న లోపల మోకాలి లోతు నీళ్లు నింపి రాత్రంతా ఉంచాం, బయట చుక్క లేదు. రేపు తెల్లవారుజామున దింపుతున్నాం. బావ కూడా వస్తున్నాడు, జేబులో ఎంసీల్ పెట్టుకుని.