ఇంటర్ అయిపోతానే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ డిగ్రీలో చేర్పించొచ్చునా?

మైదుకూరు పసుపు
అందరికీ నమస్కారం. మా పాప ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. ఎంసెట్‌లో వచ్చిన ర్యాంకుకు కడప, అనంతపురం పక్క కాలేజీల్లో సివిల్ సీటు వచ్చేటట్టుంది. ఈలోపల బెంగళూరు ప్రైవేటు యూనివర్సిటీ ఒకటి రోజూ ఫోన్లు చేస్తాండాది. బీబీఏ, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ స్పెషలైజేషన్, మూడేండ్లు. పాపకు అదే కావాలంట. ఫీజు, హాస్టలు కలిపితే ఇక్కడ సివిల్‌కు అయ్యేదానికి రెండింతల పైనే. బ్యాంకు లోను పెట్టుకోవాల. ఇట్లాంటి డిగ్రీ చేసినోల్లకు బయట ఏం పని ఇస్తారు? తెలిసినోల్లు చెప్పండి.

ఓర్వకల్లు సైటు
వద్దన్నా. పని తెలీకముందే పని నడిపించేది నేర్పిస్తామంటే ఎట్ల నమ్ముతావు? సివిల్‌లో వెయ్యి. సైటులో మూడేండ్లు పనిచేసినాక ప్రాజెక్టు మేనేజర్లకు సర్టిఫికెట్ ఇచ్చే అమెరికా సంస్థ పీఎంఐ వాళ్ళ పీఎంపీ పరీక్ష రాసుకోవచ్చు. డిగ్రీ ఉన్నోళ్ళకు 36 నెలలు ప్రాజెక్టు నడిపించిన అనుభవం, 35 గంటల క్లాసులు ఉంటే చాలు. డిగ్రీ ఏ సబ్జెక్టులో అని వాళ్ళు అడగరు. వాళ్ళే అడగనిదానికి నువ్వు లోను తెచ్చి కట్టేదెందుకు?

కొండారెడ్డి బురుజు
సివిల్. ఇంకో మాట లేదు.

అనంత ప్లానర్
సైటు అన్న లెక్క సగమే చెప్పినారు. పీఎంఐ గుర్తింపు, అంటే జీఏసీ అక్రెడిటేషన్, ఉన్న డిగ్రీ చదివితే 36 కాదు, 24 నెలలే. కాబట్టి సబ్జెక్టు అడగరనేది పూర్తిగా నిజం కాదు.

ఇంక పని తెలియాలి అనే మాట. నేను అనంతపురంలోనే సివిల్ బీటెక్ చేసినా. నాలుగేళ్ళలో షెడ్యూలింగ్ గురించి నాకు చెప్పింది ఒక పేపర్లో ఒక యూనిట్. పెర్ట్, సీపీఎం (క్రిటికల్ పాత్ మెథడ్) అనే షెడ్యూలు పద్ధతులు, రెండు లెక్కలు, అయిపోయింది. ఉద్యోగంలో చేరినాక ప్రైమవెరా అనే షెడ్యూలు సాఫ్ట్‌వేర్ ముందు కూర్చోబెట్టి బేస్‌లైన్, అంటే మొదట ఖాయం చేసే షెడ్యూలు, తయారు చెయ్యమంటే ఏం చెయ్యాలో తెలీదు.

సోలార్ సైటునే తీసుకోండి, మన కర్నూలు, అనంతపురం పక్క అందరూ చూసేదే. పైల్స్, అంటే నేలలో దించే స్తంభాలు, కొట్టాలి, వాటి మీద స్ట్రక్చర్, ప్యానెల్స్, కేబుల్, ఇన్వర్టర్, చివరికి సబ్‌స్టేషన్. సైటులో అందరి కళ్ళూ ప్యానెల్స్ మీదే. ఈ రోజు ఎన్ని బిగించినారు, రేపు ఎన్ని బిగిస్తారు అనే అడుగుతారు. కానీ పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఆర్డరు పెట్టినాక నెలల తరబడి ఎదురుచూడాలి. ఆ ఆర్డరు ఆలస్యమైతే ప్యానెల్స్ అన్నీ బిగించి ఉంటాయి, గ్రిడ్‌కు ఒక్క యూనిట్ పోదు. ఏ పని ఒక రోజు జారితే మొత్తం ప్రాజెక్టు ఒక రోజు జారుతుందో కనిపెట్టడమే క్రిటికల్ పాత్. 1950ల చివర్లో డ్యూపాంట్ కంపెనీ తన ఫ్యాక్టరీ పనుల కోసం కట్టిన లెక్క ఇది. అదే రోజుల్లో అమెరికా నేవీ పొలారిస్ క్షిపణి కోసం పెర్ట్ తెచ్చింది. ఇది ఎండలో నిలబడితే దానంతట అదే వచ్చే విద్య కాదు.

ఓర్వకల్లు సైటు
24 నెలలు అన్నావు గదా మేడమ్, ఆ బెంగళూరు కాలేజీకి ఆ గుర్తింపు ఉందా? లేకుంటే మళ్ళీ 36 నెలలే. నేను చెప్పిందే నిలబడింది.

అనంత ప్లానర్
ఉందో లేదో కాలేజీనే అడగాలి. నేను ట్రాన్స్‌ఫార్మర్ గురించి అంత రాస్తే మీరు 24 దగ్గరే ఆగినారు.

ఓర్వకల్లు సైటు
డబ్బు కట్టేటోనికి ఆ లెక్కే కావాల.

పెన్న ఇసుక
కడప ఉక్కు ఫ్యాక్టరీకి 2007, 2018, 2019, 2023... నాలుగుసార్లు కొబ్బరికాయ కొట్టినారు. ఊర్లు మారినాయి, ముఖ్యమంత్రులు మారినారు. ప్రాజెక్టు నడిపే మనుషులు లేకనే గదా ఈ గతి. ఇట్లాంటి చదువు మన పిల్లోల్లకు రావాల్సిందే.

ఓర్వకల్లు సైటు
దానికీ దీనికీ సంబంధం లేదప్పా. డబ్బు, గని, నీళ్ళు, ప్రభుత్వం నాలుగూ ఒకచోటికి రాకపోతే ఏ మేనేజరూ చేసేదేం లేదు.

అనంత ప్లానర్
నాలుగూ ఒకచోటికి వచ్చినప్పుడు ఏమవుతుందో పెనుకొండ పక్కన చూసినాం. కియాతో ఒప్పందం 2017 ఏప్రిల్‌లో, ఎర్రమంచిలో ట్రయల్ కారు బయటికి వచ్చింది 2019 జనవరిలో. అన్నీ ఒకచోటికి తేవడమే ఒక ఉద్యోగం, ఒక చదువు అంటున్నా.

గండికోట
డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. రెండు విషయాలు. 2024-25 నుంచి బీబీఏ, బీసీఏ కోర్సులు కూడా సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ పరిధిలోకి వచ్చాయి. ఆ యూనివర్సిటీ ఆమోదపత్రం చూపిస్తుందా అని ముందు అడగండి. రెండోది, ఏ బీబీఏతోనైనా గ్రూప్-2 లాంటి పరీక్షలు రాసుకోవచ్చు గానీ, ఏపీపీఎస్సీ ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) పోస్టుకు ఇంజనీరింగ్ డిగ్రీ లేనిదే దరఖాస్తు కూడా చెయ్యలేరు. నీటిపారుదల, రోడ్లు, పంచాయతీరాజ్, ఆ దారంతా మూసుకుపోతుంది. మన ప్రాంతంలో తల్లిదండ్రులకు ఇది చిన్న విషయం కాదు.

ఇంటర్ తర్వాత నేరుగా ఈ డిగ్రీ అనేది లోకంలో లేని వింతేం కాదు. లండన్ యూసీఎల్‌లో బార్ట్‌లెట్ స్కూల్ ‘ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఫర్ కన్‌స్ట్రక్షన్’ అని బీఎస్సీ నడుపుతుంది. పేరులోనే ఏ రంగమో ఉంది చూడండి. రంగం పేరు లేకుండా ఉత్త ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ అంటే నా మొదటి ప్రశ్న: దేని ప్రాజెక్టు? కట్టడమా, సాఫ్ట్‌వేరా, ఆసుపత్రా? ఆ జవాబు సిలబస్‌లో కనబడకపోతే బీబీఏ మీద కొత్త పేరు అంటించినట్టే.

బీబీఏ రెండో సంవత్సరం
కర్నూలు. మాది మామూలు బీబీఏ. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఒక పేపరు ఉంది. చెప్పే సారు ఎప్పుడూ ప్రాజెక్టు చెయ్యలేదు. ఏ పని ఎన్నాళ్ళో పట్టీలుగా చూపే గాంట్ చార్టు గళ్ళు గీసి రంగులేయించినారు, అంతే.

ఓర్వకల్లు సైటు
విన్నారా? రంగులు. ఓర్వకల్లు పక్క నేల ఒక్క తీరుగ ఉండదు మేడమ్. పైన జానెడు మన్ను, కింద బండ. ఆఫీసులో కూర్చున్న పిల్లోడు రోజుకు ఇన్ని పైల్స్ అని ఎక్సెల్‌లో ఒక గడిలో కొట్టి కిందిదాకా లాగేస్తాడు. బండ తగిలినాక డ్రిల్లింగ్ రిగ్గు తెప్పియ్యాల, బిట్లు అరిగిపోతాయి, సగం పని కూడా కాదు. సాయంత్రం ఫోను: ‘మీ ప్రొడక్టివిటీ ఎందుకు తగ్గింది?’ నేను డిప్లొమా చేసి సైటుకొచ్చినోణ్ణి. నాకంటే చానా చిన్నోడు, సర్టిఫికెట్ ఉందని నా మీద మేనేజరుగా వచ్చినాడు. బండ ఉందని నేను రాసిచ్చిన రిపోర్టు పక్కన పడేసినాడు. ప్రాజెక్టు లేటైతే మెమో నాకిచ్చినారు, ప్రమోషన్ ఆయనకిచ్చినారు. ల్యాప్‌టాప్ ముందు కూర్చునేటోళ్ళకు ఇది ఎట్ల తెలుస్తది?

అనంత ప్లానర్
ల్యాప్‌టాప్ ముందు నేను ఇష్టపడి కూర్చోలేదు. సైటు ఇవ్వమని రాసి అడిగినా. ‘ఆడపిల్లవు, అక్కడ బాత్రూం లేదు, రాత్రి కాంక్రీట్ పోస్తారు, ఆఫీసులో ప్లానింగ్ చూసుకో’ అన్నారు. నాతో చేరిన మగపిల్లలంతా సైటుకు పోయినారు, వాళ్ళకే జీతాలు ముందు పెరిగినాయి. అందరూ సైటులో నేర్చుకోవాలి అంటారు మీరు, సైటు తలుపు మాకు తెరవరు. నాకు మీటింగులో మాట దక్కింది షెడ్యూలు నా చేతిలో ఉండబట్టే. అందుకే ఇది చదువుగా ఉండాలంటున్నా. చదువైతే ఎవరైనా నేర్చుకోవచ్చు. అనుభవమే అర్హత అంటే ఆ అనుభవం ఎవరికి ఇవ్వాలో కాంట్రాక్టరే తేలుస్తాడు.

ఓర్వకల్లు సైటు
ఈ మాట మొదట్లోనే చెప్పాల్సింది. నిన్ను సైటుకు పంపకపోవడం అన్యాయం. కానీ ఆలోచించు. నీకు బీటెక్ సివిల్ ఉంది కాబట్టి సైటు ఇవ్వమని అడిగే హక్కన్నా ఉండె. ఆ పాప బీబీఏ పట్టుకుని పోతే అడిగేదానికి కూడా లేదు, జీవితమంతా ఆఫీసే. పని చేసినోని మాటకు విలువ ఉండాల, అదే నా బాధ. పని చెయ్యనియ్యలేదని నీ బాధ. రెండింటికీ ఆ మూడేండ్ల డిగ్రీ మందు కాదు.

అనంత ప్లానర్
మంచి డిగ్రీ అయితే మందే. చెడ్డ డిగ్రీ అయితే కాదు. సివిల్‌లో ఈ చదువు సరిగ్గా చెప్పనంతకాలం నేను ఈ మాట వదిలిపెట్టను.

మైదుకూరు పసుపు
పాపకు అంతా చదివి వినిపించినా. నీకు దేని ప్రాజెక్టు కావాల అని అడిగితే కట్టడాలే అనింది. మరి సివిల్ ఎందుకొద్దు అంటే ఇప్పుడు చెప్పింది. ఆ యూనివర్సిటీ కౌన్సిలర్ ‘సివిల్ అంటే ఎండలో సైటు, ఆడపిల్లలకు ఉద్యోగాలు ఇవ్వరు, ఇదైతే ఏసీ ఆఫీసు’ అన్నాడంట. నాకిది తెలీదు. రేపు సాయంత్రం లోపల అడ్వాన్సు కట్టకపోతే సీటు పోతుందని ఇందాక మళ్ళీ ఫోను చేసినాడు.

అనంత ప్లానర్
అన్నా, పాపకు చెప్పండి, ఇవ్వరు అనేది అబద్ధం. ఇస్తారు, పోట్లాడి తీసుకోవాలి. వెబ్ ఆప్షన్లలో సివిల్ పెట్టించండి. ప్రైమవెరా, కాంట్రాక్టులు నాలుగేళ్ళలో పక్కన నేర్చుకోవచ్చు, ఏం చదవాలో నేను రాసి పెడతా.

ఓర్వకల్లు సైటు
రెండో సంవత్సరం సెలవుల్లోనే సైటుకు పంపన్నా. చివరి సెమిస్టరు దాకా ఆగొద్దు.

గండికోట
అడ్వాన్సు కట్టొద్దు. మూడేళ్ళ సిలబస్, ఏఐసీటీఈ పత్రం మెయిల్‌లో పంపమనండి. పీఎంఐ గుర్తింపు ఉందో లేదో కూడా రాసి ఇమ్మనండి. పోయినేడు పిల్లలు ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేశారో అడగండి. ఫోన్లో చెప్తే ఒప్పుకోవద్దు.