ఐర్లండ్‌లో చర్చి పట్టు అసలు ఎప్పుడు సడలింది? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్

డబ్లిన్‌లో చదువుకుంటున్నానండి, మా ఇంటి ఓనరమ్మ సాయంత్రం 6కి టీవీలో ఏంజలస్ అనే క్యాథలిక్ ప్రార్థన గంటలు మోగగానే చేతిలో టీ కప్పు పక్కన పెట్టేసి కళ్లు మూసుకుంటుంది, ఆవిడ మనవరాలు మాత్రం ఫోన్‌లోంచి తల కూడా ఎత్తదు. అది చూసినప్పట్నుంచీ ఒకటే ఆలోచన. 1937 రాజ్యాంగంలో క్యాథలిక్ చర్చికి ప్రత్యేక స్థానం రాసుకుని విడాకులే కుదరవన్న దేశం, 1972లో ఓటేసి ఆ స్థానం తీసేసింది, 1995లో విడాకులకీ సరేనంది, అదీ ఓట్లలో ఒక్క శాతం తేడా కూడా లేకుండా! మరి మార్పు ఎక్కడ మొదలైనట్టు? 1958లో ఆర్థిక శాఖ అధికారి విటేకర్ ఇచ్చిన రిపోర్టు తర్వాత ఫారిన్ కంపెనీలకి తలుపులు తీయడమా, 1967లో ఫ్రీ చేసిన హైస్కూల్ చదువా? నాకైతే చదువే అనిపిస్తోంది. ఒకప్పుడు ఐరిష్ అంటేనే క్యాథలిక్ అన్నట్టుండేది కదా, ఇప్పుడు వీళ్లని కలిపి ఉంచుతున్నదేంటి? ఇక్కడ ఎన్నో ఏళ్లుగా ఉంటున్నవాళ్లు కాస్త వివరంగా చెప్తారా