కోరాకి గిటారు బిరడలు పెట్టాక అది ఇంకా కోరాయేనా?

పాతరేడియో: కోరా అంటే పశ్చిమ ఆఫ్రికా తీగవాద్యం. నిన్న రాత్రి మాలి దేశపు కోరా విద్వాంసుడు తుమానీ జబాటే, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో వాయించిన రికార్డు విన్నా. కచేరీ 2008 నాటిది, రికార్డు 2021లో వచ్చింది. 2024లో పోయాడు పాపం, ఆయన వేళ్లతో నాకేం పేచీ లేదు. కానీ వెనకాల అన్ని వయొలిన్లు లేచేసరికి కోరా ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. పైగా ఈ రోజుల్లో చాలా కోరాలకి తీగలు బిగించడానికి గిటారు బిరడలే. సొరబుర్ర, ఆవుతోలు, 21 తీగలు, తీగలు బిగించే తోలు ఉంగరాలు, అదీ కోరా అంటే. ఉంగరాలు తీసేసి ఇనప మర బిగిస్తే ఇంకేం మిగిలింది?

ఊరిచివర: ఇప్పటి తీగలు నైలాన్ సార్, చేపలు పట్టే దారం. పూర్వం జింకతోలు పేని కట్టేవాళ్లు. దానికి లేని బాధ బిరడకి ఎందుకు? తుమానీ 1988లోనే కోరా ఒక్కదానితో ‘కైరా’, స్పెయిన్ ఫ్లమెంకో బృందం కెటామాతో ‘సొంగాయ్’, రెండు ఆల్బములూ తెచ్చాడు. అప్పటికి పాతికేళ్లు కూడా లేవు. కలపడం ఆయనకి తర్వాత అంటుకున్న జబ్బు కాదు.

పాతరేడియో: నైలాన్ సంగతి తెలుసు. నేనడిగింది బిరడ గురించి.

బస్సుపాస్: పాలకొల్లు శ్రీనివాస్ మాండొలిన్ మాటేమిటి మరి? అదీ కరెంటుది.

పాతరేడియో: వాద్యం మారింది, పద్ధతి మారలేదు. నేను పన్నెండేళ్లు వీణ నేర్చుకున్నవాణ్ణి. ఒకచోట వార్షికోత్సవానికి పిలిచి, పక్కన కీబోర్డు, ప్యాడ్స్ పెట్టి, జనం లేచిపోతున్నారు సార్ సినిమా పాట ఒకటి కొట్టండి అన్నారు. తలెత్తి చూస్తే నా మైకు తగ్గించేశారు. అప్పట్నుంచీ ఫ్యూజన్ అంటేనే మండుతుంది.

ఊరిచివర: మీ మైకు ఎవడో తగ్గించాడని మాలి రాజధాని బమాకోలో వాళ్లు తోలు ఉంగరాలతో కుస్తీ పట్టాలా? బాగుంది.

పాతరేడియో: వెటకారం వద్దు. నువ్వేం నేర్చుకున్నావో చెప్పు ముందు.

ఊరిచివర: నువ్వు అనకండి. మాది వరంగల్ వైపు, కథలు చెప్పుకుని బతికిన ఇల్లు. మా తాత రాత్రంతా కథ చెప్పి, తెల్లారి ఇంటింటికీ పోయి గింజలు అడుక్కొచ్చేవాడు. అప్పుడు అది గొప్ప కళ అని ఏ పెద్దమనిషీ అనలేదు. మా నాన్న క్యాషియో కొని పెళ్లిళ్లలో పాడటం మొదలుపెట్టాకే, టేపురికార్డర్లు పట్టుకుని వచ్చే సార్లకి కళ పాడైపోతోందని దిగులు పట్టుకుంది. తుమానీ వాళ్లు జెలీలు, పుట్టుకతోనే పాటగాళ్లు, 71 తరాలని చెప్పుకునేవాడు. ఉంచినా మార్చినా హక్కు వాళ్లది. మీకు కావాల్సింది మా పాట కాదు, మేం అలాగే గింజలు అడుగుతూ ఉండటం.

పాతరేడియో: నేనెవర్నీ అడుక్కోమనలేదు, ఆ మాట వెనక్కి తీసుకోండి. పుట్టుకతో హక్కు అన్నారు చూడండి, నాకు మింగుడు పడనిది అదే. మా ఇంట్లో ముందు తరాల్లో సరిగమలు తెలిసినవాళ్లు ఒక్కరు లేరు. నన్ను ఎవరూ తోసెయ్యలేకపోయారంటే పద్ధతి ప్రకారం నేర్చుకున్నాను కాబట్టి. మీకు ఇల్లుంది. నాకు ఆ పద్ధతి ఒక్కటే ఉంది. అదీ ఎవడికిష్టమొచ్చినట్టు వాడు మార్చుకోవచ్చంటే నాలాంటివాడు దేన్ని పట్టుకోవాలి?

బస్సుపాస్: ఓహో. బిరడ గొడవ కాదన్నమాట.

రెండోతీగ: ఆడవాళ్లు పాడొచ్చు గానీ, కోరా తండ్రి నుంచి కొడుక్కే అన్నది కూడా పద్ధతేగా సార్? జెలీ ఇంట్లో పుట్టి కోరాని వృత్తిగా పట్టిన మొదటి ఆడమనిషి అని సోనా జొబార్తేని అంటారు. గాంబియా కుటుంబం, పుట్టింది లండన్‌లో, సెల్లో కూడా చదువుకుంది. మాండింకా భాషలో పాడుతుంటే వెనక గిటారు, డ్రమ్స్. మీ పద్ధతి కదలకపోతే ఆమె చేతికి కోరా వచ్చేదా? ఊరిచివర అన్నా, ఇంటి హక్కు అంటున్నావు, మీ ఇంట్లో ఆడపిల్లలకి కథ నేర్పారా?

ఊరిచివర: మా అక్కకి అన్ని కథలూ వచ్చు. అన్నం వండుతూ చెప్పేది. గజ్జెలు మాత్రం కట్టనివ్వలేదు. అది వేరే విషయం.

రెండోతీగ: వేరే విషయం ఎట్లా అవుతుంది అన్నా?

బస్సుపాస్: ఆమెది ఏ పాటతో మొదలుపెట్టాలి?

రెండోతీగ: ‘గాంబియా’ అనే పాట ఉంది, అది వినండి.

పాతరేడియో: వింటాను. బిరడ సంగతి మాత్రం ఎవరూ తేల్చలేదు.