నాన్నకి షుగర్ లేదు, మరి షుగర్ మాత్ర ఎందుకు రాశారు? పైగా క్రియాటినిన్ పెరిగింది

కవిటి_కొబ్బరితోట:
మాది కవిటి మండలంలో ఒక పల్లె. నాన్నకి 52 ఏళ్లు, కొబ్బరి, జీడి తోటల్లో కూలి పని. బీపీ మామూలే, షుగర్ లేదు, కాళ్ల వాపు లేదు, యూరిన్‌లో ప్రొటీన్ కూడా పెద్దగా పోవట్లేదు. ఊళ్లో క్యాంపు పెట్టినప్పుడు రక్తం ఇస్తే క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టాల్సిన వ్యర్థం, ఎక్కువుంటే కిడ్నీ దెబ్బతిన్నట్టు) 2.1 వచ్చింది. మా పెదనాన్న డయాలసిస్ చేయించుకుంటూనే పోయారు, అందుకే ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. కిడ్నీ డాక్టర్ డాపాగ్లిఫ్లోజిన్ 10 రాశారు. మందుల షాపులో "ఇది షుగర్ మాత్ర కదా" అన్నారట, మూడు వారాలకి టెస్ట్ చేయిస్తే 2.3, దాంతో నాన్న మాత్ర ఆపేసి పక్కూళ్లో పసరు మందు ఇచ్చే ఆయన దగ్గరికి వెళ్తానంటున్నారు. నేను హైదరాబాద్‌లో ఉంటాను, ఫోన్‌లో చెబితే వినట్లేదు. ఈ మాత్ర నిజంగా కిడ్నీకి పనిచేస్తుందా? మా ఉద్దానం ప్రాంతంలో ఇంతమందికి వస్తున్న ఈ కిడ్నీ జబ్బుకి కారణమే తెలియదంటారు, మరి మందు ఎలా ఇస్తారు?

నెఫ్రాలజీ_పీజీ:
తమ్ముడూ, ముందు నాన్నగారిని పసరు దగ్గరికి వెళ్లనివ్వకు, మిగతాది తర్వాత.

ఆ మాత్ర షుగర్ కోసమే వచ్చింది, నిజమే. కానీ 2020లో వచ్చిన డాపా-సీకేడీ పరిశోధనలో 4,304 మంది కిడ్నీ రోగుల్లో సగం మందికి ఈ మాత్ర, మిగతా సగానికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు, మొత్తం మీద మూడో వంతు మందికి షుగర్ లేదు. కిడ్నీ బాగా దెబ్బతినడం, డయాలసిస్ దాకా వెళ్లడం, కిడ్నీ లేదా గుండె జబ్బుతో చనిపోవడం, ఇవన్నీ కలిపి చూస్తే మాత్ర వేసుకున్నవాళ్లలో 39 శాతం తగ్గాయి. షుగర్ లేనివాళ్లకీ మేలు కనిపించింది.

క్రియాటినిన్ పెరగడం గురించి చెప్తా. కిడ్నీలో లక్షల కొద్దీ చిన్న జల్లెడలుంటాయి. కొన్ని పాడైతే మిగిలినవాటి మీద ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడికి అవి కూడా అరిగిపోతాయి. ఈ మాత్ర ఆ ఒత్తిడిని తగ్గిస్తుంది, అందుకే మొదటి వారాల్లో వడపోత కాస్త తగ్గి క్రియాటినిన్ కొంచెం పెరుగుతుంది. 2.1 నుంచి 2.3 అంటే మేం సాధారణంగా ఊహించే పెరుగుదలే, ఒక్క దీని కోసమే మాత్ర ఆపం. అయినా ఆ రిపోర్టుని, మాత్ర రాసిన డాక్టర్‌కి చూపించి, ఆయన మాట మీదే మళ్లీ మొదలుపెట్టండి.

ఇంకో మాట, ఇది దాచకూడదు. డాపా-సీకేడీలో అందరికీ యూరిన్‌లో ప్రొటీన్ బాగా పోతుండేది, ఉద్దానం రకంలో అది తక్కువ. ప్రొటీన్ తక్కువున్నవాళ్లని కూడా తీసుకున్నది ఎంపా-కిడ్నీ అనే పరిశోధన, ఇదే కోవకి చెందిన ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మాత్ర మీద, 6,609 మందితో. అందులో ప్రొటీన్ తక్కువున్నవాళ్ల కిడ్నీ పాడయ్యే వేగం తగ్గింది, కానీ రెండేళ్లలో డయాలసిస్ లాంటి పెద్ద తేడాలు స్పష్టంగా కనపడలేదు. అంటే నాన్నగారికి ఎంత మేలు జరుగుతుందో అంకెల్లో చెప్పలేను, మా అమ్మకైతే నేను వేయిస్తాను.

ఎండలో పనిచేసేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. వాంతులు, విరేచనాలు, జ్వరంతో తిండీ నీళ్లూ సరిగా తీసుకోలేని రోజుల్లో ఈ మాత్ర ఆపమంటాం, తేరుకున్నాక మళ్లీ మొదలు. ఇది ముందే డాక్టర్‌ని అడిగి రాయించుకోండి.

సోంపేట_ఆడపడుచు:
మా అమ్మది క్రియాటినిన్ 3 ఉన్నప్పుడు పసరు అన్నారు, మూడు నెలలు తాగింది. అందులో ఏం కలిపారో ఈ రోజుకీ మాకు తెలియదు. 7 దాటాక ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్, వెళ్లిన ప్రతిసారీ నాలుగు గంటలు, ఇంటికొచ్చాక ఆ రోజంతా మంచం మీదే. అంతకుముందు కూడా జీడి పిక్కలు కొట్టి ఒళ్లు నొప్పులంటే షాపులో నొప్పి మాత్రలు తెచ్చి ఇచ్చేవాళ్లం, నేనే తెచ్చేదాన్ని. అవి కూడా కిడ్నీని దెబ్బతీస్తాయట. బాబూ, మీ నాన్న ఆ మాత్రలేమైనా వాడుతున్నారేమో ఇవాళే అడుగు.

వలస_పక్షి:
కారణం తెలియకుండా మందేంటి అన్నారు కదా. బాల్కన్ దేశాల్లో డాన్యూబ్ ఉపనదుల పక్క పల్లెల్లో ఇలాగే ఇంటింటా కిడ్నీలు పోయేవి, 1950ల నుంచీ దాని గురించి రాస్తున్నారు. నీళ్లన్నారు, లోహాలన్నారు, బూజు అన్నారు. గోధుమ పొలాల్లో పెరిగే ఒక కలుపు మొక్క గింజలు పిండిలో కలిసి, అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీలని తినేస్తోందని 2007లో గానీ గట్టి ఆధారం దొరకలేదు. మన దగ్గర ఈశ్వరి అనే తీగ కూడా ఆ జాతిదే, నాటు వైద్యంలో వాడతారు. పసరు అంటే నాకు అందుకే అంత భయం.

నికరాగ్వా, ఎల్ సాల్వడార్ చెరుకు కూలీలకీ మన లాంటి జబ్బే. అక్కడ కారణం పూర్తిగా తేలకముందే పనివాళ్లకి నీళ్లు, నీడ, మధ్యమధ్య విశ్రాంతి ఇచ్చి చూశారు, కిడ్నీ దెబ్బతినడం తగ్గింది. ఉద్దానానికి హిరమండలం రిజర్వాయర్ నుంచి పైపు నీళ్లొచ్చింది 2023 డిసెంబరులో. మంచిదే, కానీ ఇప్పటికే పాడైన కిడ్నీని నీళ్లు వెనక్కి తేలేవు, అందుకని ఇంట్లో పెద్దవాళ్లందరూ ఏడాదికోసారి క్రియాటినిన్ చేయించుకోండి.

కవిటి_కొబ్బరితోట:
అక్కా, అడిగాను. ఒళ్లు నొప్పులకి డైక్లోఫెనాక్, వారంలో నాలుగైదు రోజులు, ఎన్నేళ్లుగానో. మాకెవరికీ చెప్పలేదు. పీజీ గారూ, మీరు జల్లెడ గురించి రాసింది అమ్మ చేత చదివించాను, డాక్టర్ దగ్గరికి వస్తానన్నారు. శనివారం బండెక్కుతున్నాను, సోమవారం నేనే తీసుకెళ్తాను. ఈలోపు నొప్పి మాత్ర మానేస్తే నొప్పికి ఏమివ్వాలి?

నెఫ్రాలజీ_పీజీ:
డైక్లోఫెనాక్ ఇవాళే మాన్పించు. నొప్పి ఎక్కువైతే పారాసిటమాల్, లివర్ జబ్బు గానీ మద్యం అలవాటు గానీ లేకపోతేనే. సోమవారం ఆ స్ట్రిప్పు కూడా పట్టుకెళ్లి చూపించు, పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా పెట్టుకో.